వజ్రంలో ఎనిమిది గణాలు

మా కృష్ణా జిల్లాలో సూరి భగవంతంగారి పేరెత్తితే ముందుగా వినిపించేది పదవుల పట్టిక. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు (1952–57), బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులు (1957–62), రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారు (1961–69). సభల్లో వక్తలు ఈ పట్టికను భక్తిగా చదువుతారు, చప్పట్లు కొడతారు, దండ వేస్తారు. ఇంతకూ ఆయన చేసిన శాస్త్రం ఏమిటండీ అని ఎవరైనా అడిగితే మాత్రం, "రామన్ గారి శిష్యుడు" అన్న మాట దగ్గర ప్రసంగం ఆగిపోతుంది. శిష్యరికం ఒక ఘనకార్యమైతే నేను పాఠం చెప్పిన పిల్లలందరూ ఘనులే కావాలి!

నేను తెలుగు పండితుణ్ణి. పామర్రులో కూర్చుని భౌతికశాస్త్రం గూర్చి వ్రాయడమేమిటని మిత్రులకు తోచవచ్చు. అయితే భగవంతంగారు చేసిన పనిలో ప్రధానమైనది నేను ముప్ఫై ఏళ్ళు బోధించిన ఛందస్సుకు దగ్గరి చుట్టం. అందుకే సాహసించి ఈ టపా వ్రాస్తున్నాను. దీనిలో వజ్రం ఉంది, గురుశిష్యులున్నారు, ఒక పెద్ద వాదం ఉంది. చివరకు అతివాహకాలు అనే వింత పదార్థాలున్నవి.

భగవంతంగారు 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు. శోభనాచలస్వామి కొండ ఉన్న ఊరు. మొన్న 2022 విభజనలో అది ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గాని, ఆయన పుట్టినప్పుడు అది మా కృష్ణా జిల్లాయే. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి రామన్ గారి వద్ద చేరారు. రామన్ ఫలితం వెలువడినదీ ఆ ఏడే. 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖలో ప్రవేశించారు.

కలకత్తాలో ఆయన పరిశీలించినవాటిలో వజ్రం ఒకటి. వజ్రం మీద ఒకే రంగు గల కాంతి పడితే, తిరిగి వచ్చే కాంతిలో ఆ రంగుతోబాటు మరొక పలుచని గీత కనబడుతుంది. ఈ గీతను 1930లో సి. రామస్వామి ప్రకటించారు. అదే ఏడు భగవంతంగారు దానిని మరింత వివరంగా పరిశోధించి వ్యాసాలు ప్రకటించారు. ఆ గీత స్థానం సెంటీమీటరుకు 1332 తరంగాలు. వజ్రం లోపలి అణువులు ఊగడం వల్ల, కాంతి తన శక్తిలో కొంత వాటికి ఇచ్చి వస్తుంది. ఆ ఇచ్చిన భాగమే 1332. రాయి వలె నిశ్చలంగా కనబడే వస్తువు లోపల అణువులు ఎడతెగక ఊగుతూనే ఉంటాయన్నమాట. ఊయలకు ఎంత బిగువైన తాడు కడితే అంత వడిగా ఊగుతుంది. వజ్రంలోని కర్బనపు బంధాల కంటె బిగువైన తాళ్ళు అరుదు.

ఇక్కడ ఛందస్సు వస్తుంది. మూడక్షరాల గణాలెన్ని అని అడిగితే ఎనిమిది అని చెప్పడానికి కావ్యాలన్నీ చదవనక్కరలేదు. ఒక్కొక్క అక్షరం గురువో లఘువో కావాలి గనుక రెండును మూడుమార్లు గుణిస్తే చాలు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు గనుక, ఆ ఛందంలో పుట్టగల వృత్తాలు 10,48,576. కవులు వాడుకున్నవి వేళ్ళమీద లెక్కించదగినవే అయినా లెక్క లెక్కే. దీనినే మనవారు ప్రస్తారమన్నారు. కవిత్వపు బలాబలాలతో నిమిత్తం లేకుండా, కేవలం అమరికను బట్టి ఎన్ని రూపాలు సాధ్యమో చెప్పే విద్య అది.

1939లో భగవంతంగారూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఉన్న గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడుగారూ కలిసి స్ఫటికాలకు ఇటువంటి ప్రస్తారమే చేశారు. స్ఫటికంలో అణువులు ఒక క్రమంలో పేర్చి ఉంటాయి. ఒక చిన్న గూడు మళ్ళీ మళ్ళీ వచ్చి స్ఫటికమంతా నిండుతుంది. ఆ గూటికి ఉన్న సౌష్ఠవం తెలిస్తే, అణువుల మధ్య బంధాలు ఎంత బలమైనవో తెలియకపోయినా, ఎన్ని విధాల ఊగగలవో, వాటిలో ఎన్ని రామన్ కాంతిలో కనబడతాయో, ఎన్ని కనబడవో ముందుగా చెప్పవచ్చు. గణితంలో సమూహ సిద్ధాంతమనే శాఖ దీనికి ఆధారం. వజ్రపు గూటిలో రెండణువులు. ఒక్కొక్కటి మూడు దిక్కుల కదలగలదు గనుక మొత్తం ఆరు. వాటిలో మూడు గూడు మొత్తం కలిసి కదిలేవి, అంటే శబ్దంవంటివి. మిగిలిన మూడూ సౌష్ఠవం వల్ల ఒకే పౌనఃపున్యం గలవి. అందువల్ల వజ్రానికి ఒక్క గీతే ఉండాలి. ఉన్నదీ ఒక్కటే, ఆ 1332. ఈ పద్ధతిని నేటికీ భగవంతం–వెంకటరాయుడు పద్ధతి అనే వ్యవహరిస్తారు. 1948లో ఇద్దరూ కలిసి దీనిని గ్రంథంగా వ్రాయగా ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. పదవుల పట్టిక చదివే వక్తలు ఈ ఒక్క వాక్యం చేర్చుకుంటే బాగుండును.

అయితే ఈ లెక్కకు ఒక ఎల్ల ఉంది. మనం చూడగల కాంతి తరంగం పొడుగు సుమారు 500 నానోమీటర్లు. వజ్రపు గూడు దానిలో వెయ్యోవంతుకన్నా చిన్నది. కాబట్టి కాంతి కంటికి పక్కపక్క గూళ్ళన్నీ ఒకే తాళంలో ఊగుతున్నట్టు కనబడే కదలికలే దొరుకుతాయి. ఒక గూడు ఊగేటప్పుడు పక్కగూడు కొంత వెనకబడి, దాని పక్కది మరికొంత వెనకబడి, కాలువ నీటిమీద అల పాకినట్టు పాకే కంపనాలు లెక్కలేనన్ని. అవి కాంతికి అందవు. వాటిని పట్టాలంటే గూటి పరిమాణమంత చిన్న తరంగం కావాలి. అదే ఎక్స్ కిరణం.

ఎక్స్ కిరణాలను స్ఫటికం గుండా పంపితే ఫోటో పలకపై చుక్కల ముగ్గు పడుతుందని 1912లో లావే బృందం చూపింది. అణువులు ఊగుతూ ఉంటే ఆ చుక్కల చుట్టూ మసక పరచుకోవాలని తరువాత కొందరు సిద్ధాంతీకరించారు. 1930ల చివరలో ఫ్రాన్సులో లావాల్ ఆ మసకను శ్రద్ధగా కొలిచాడు. 1940లో బెంగుళూరులో రామన్, ఆయన శిష్యుడు నీలకంఠన్ వజ్రపు ఫోటోలలో అదనపు చుక్కలు, గీతలు చూశారు. ఇవి ఉష్ణం వల్ల వచ్చే మామూలు మసక కాదు, ఎక్స్ కిరణమే స్ఫటికంలో కంపనాన్ని పుట్టించి తిరిగి వచ్చిన గుర్తు అని రామన్ ప్రకటించారు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కాథలీన్ లాన్స్‌డేల్ అవే చుక్కలను పరిశీలించి, కాదు, అధికభాగం ఉష్ణకంపనాల వల్లనే అన్నది. (ఈమె శాంతివాది. యుద్ధకాలంలో పౌరరక్షణకు పేరు నమోదు చేసుకోనని మొండికేసి 1943లో ఒక నెల జైలులో ఉండి వచ్చింది. 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం పొందిన తొలి ఇద్దరు స్త్రీలలో ఒకరు. ఈమె మీద వేరే టపాయే వ్రాయవచ్చు.) అన్ని వజ్రాలలోనూ ఉన్న చుక్కలు ఉష్ణానివేనని, కొన్ని రకాల వజ్రాలలో మాత్రమే కనబడే అదనపు గీతలు స్ఫటికంలో ఏర్పడిన పలుచని పలకల వంటి దోషాలవని తరువాత తేలింది. ఆ దోషాలు నత్రజని చేరిన వజ్రాలలోనే ఉంటాయి.

చుక్కల తగాదా వెనక అంతకంటె పెద్ద తగాదా ఉంది. స్ఫటికంలో కంపనాలు మొత్తం ఎన్ని?

మాక్స్ బోర్న్ జర్మనీలో 1912లోనే, ఫాన్ కార్మాన్‌తో కలిసి, అవి తెంపులేని పరంపర అని చెప్పి ఉన్నాడు. పక్కగూడు ఎంతైనా వెనకబడవచ్చు. కొద్దిగా, ఇంకొద్దిగా, సగం, ముప్పాతిక, దానికి మెట్లు లేవు. రామన్ దీనిని ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో పక్కగూడు తనతో కలిసి ఊగాలి, లేదా సరిగ్గా ఎదురుగా ఊగాలి. ఈ రెండే గతులు. దిక్కులు మూడు. దిక్కుకు రెండు గతులు. చదువరులు ఈసరికి గ్రహించే ఉంటారు, ఇది యమాతారాజభానస! రెండును మూడుమార్లు గుణిస్తే ఎనిమిది. గూటిలో అణువులు ‘ప’ అయితే వాటి కదలికలు 3ప, ఎనిమిదింతలు చేస్తే 24ప. స్ఫటికం మొత్తం కదిలిపోయే మూడూ తీసివేస్తే 24ప–3. వజ్రానికి 45. రామన్ సూత్రం ఇదే. గురులఘువులు తప్ప మరేమీ లేవన్న ఛాందసుడికీ, రెండు స్వరాల నడుమ గమకం ఉందన్న గాయకుడికీ జరిగిన వాదం వంటిది ఇది. బోర్న్ గాయకుడు.

ఈ ఇద్దరూ అపరిచితులు కారు. హిట్లర్ వల్ల గొట్టింగెన్ విడిచిన బోర్న్‌ను 1935లో బెంగుళూరుకు పిలిపించుకున్నది రామనే. ఆయనకు అక్కడ శాశ్వత ఉద్యోగం ఇప్పించాలని రామన్ గట్టిగా ప్రయత్నించినా సంస్థలోని వ్యతిరేకత వల్ల కుదరలేదు. బోర్న్ ఎడింబరో వెళ్ళి అక్కడినుండి రామన్ సిద్ధాంతాన్ని ఖండించాడు. రామన్ చివరిదాకా తగ్గలేదు.

ఈ ఘట్టంలోనే మా ఆగిరిపల్లి వారి చేతిపని మళ్ళీ కనబడుతుంది. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి కొన్నేళ్ళు అక్కడే నడిచింది. ఆ సంవత్సరాలలో భగవంతంగారు, భీమసేనాచార్ గారు కలిసి వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలు కొలిచారు. అంటే వజ్రాన్ని నొక్కితే, వంచజూస్తే అది ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే మూడు అంకెలు. వజ్రాన్ని వంచేదెవరు? అందుచేత పలుచని వజ్రపు పలకల గుండా అతిధ్వనిని పంపి, అది ఏ పౌనఃపున్యం వద్ద సులువుగా దాటుతుందో చూశారు. ఏటవాలుగా అరగదీసిన క్వార్ట్జు ముక్క ఒక్కటే అనేక పౌనఃపున్యాల ధ్వని ఇస్తుంది గనుక ఒకే పరికరంతో పని జరిగింది. తొలి ఫలితం 1944లో, వివరమైన వ్యాసం 1946లో వెలువడ్డాయి.

బోర్న్ సిద్ధాంతం ప్రకారం, వజ్రంలో ఒక అణువు తన పక్క అణువులతోనే ముడిపడి ఉందనుకుంటే, ఆ మూడు అంకెలతో కట్టిన ఒక నిష్పత్తి సరిగ్గా 1 రావాలి. భగవంతం, భీమసేనాచార్‌ల అంకెలు వేసి చూస్తే 1.1 వస్తుంది. ఎడింబరోలో బోర్న్ బృందం తమ వజ్రసిద్ధాంతానికి ఈ తెలుగునేల కొలతలనే ఆధారం చేసుకున్నది. గురువుగారితో తలపడిన ప్రతిపక్షికి శిష్యుడి అంకెలు ఆయుధమయ్యాయి! అంకెలు ఎవరి పక్షమని చూసి ప్రకటించలేదు గదా, కొలిచారు, అచ్చువేయించారు. నా మట్టుకు నాకు ఆ పదవులన్నిటికంటె ఈ పనే పెద్దది.

కథ ఇక్కడ ఆపితే రుచిగా ఉంటుంది గాని నిజం కాదు. 1957లో అమెరికాలో బెల్ ప్రయోగశాల వారు మెక్‌స్కిమిన్, బాండ్ అవే స్థిరాంకాలను మరింత సూక్ష్మంగా కొలిచారు. మూడింటిలో ఒకటి పాత కొలతకు మూడోవంతు మాత్రమే వచ్చింది. కొత్త అంకెలు వేస్తే బోర్న్ నిష్పత్తి 1.49. అంటే 1.1 అన్న పొందిక కొంత కాకతాళీయమే. అణువు పక్కవారితోనే గాక దూరపువారితోనూ ముడిపడి ఉందన్నమాట. సూత్రపు సులువైన రూపం పోయింది. మరి మూలసిద్ధాంతం? దానిని తేల్చినది న్యూట్రాన్. న్యూట్రాన్‌లను స్ఫటికంపై కొట్టి, అవి ఎంత శక్తి పోగొట్టుకున్నాయో, ఏ దిక్కుకు తిరిగాయో కొలిస్తే, కాంతికి అందని పాకుడు కంపనాలన్నీ ఒక్కొక్కటిగా దొరుకుతాయి. 1967లో వారెన్ మొదలైనవారు వజ్రానికి ఈ పటం పూర్తిగా గీశారు. తెంపులేని వంపు గీతలు వచ్చాయి. రామన్ చెప్పిన స్థానాలు ఆ గీతల మీది కొన్ని బిందువులు మాత్రమే. గమకం గెలిచింది.

ఇంతవరకు వజ్రం విద్యుత్తును అడ్డగించే పదార్థం. 1911లో హాలెండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు చల్లార్చినప్పుడు విద్యుత్తుకు దాని అడ్డు ఒక్కసారిగా మాయమైంది. అదే అతివాహకత. ఎందుకో నలభై ఏళ్ళు ఎవరికీ అంతుచిక్కలేదు. 1950లో బరువైన పాదరసపు ఐసోటోపులు మరికొంచెం చల్లబడితేగాని అతివాహకాలు కావని తేలింది. ఎలక్ట్రాన్లకు సంబంధించిన వింతకు అణువు బరువుతో పనేమిటి? బరువు మారితే మారేది ఊగే వడి. అంటే అణువుల కంపనమే ఇందులో మధ్యవర్తి. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ దీనిని సిద్ధాంతంగా నిలబెట్టారు. మా డెల్టా మాటలో చెప్పాలంటే, బురదచేలో ముందు నడిచినవాడి అడుగు గుంటచేస్తే, వెనకవాడి కాలు ఆ గుంటలోకే జారుతుంది. ముందు పోయిన ఎలక్ట్రాన్ అణువులను కాస్త దగ్గరకు లాగుతుంది. ఆ లాగుడు సర్దుకునేలోపల మరో ఎలక్ట్రాన్ అటు ఆకర్షింపబడుతుంది. ఇద్దరూ జంట అవుతారు. బురద ఎంత మెత్తనో తెలియకుండా ఈ జంట బలం చెప్పలేము. అందుకే అతివాహకాలలో స్ఫటిక కంపనాలను కొలవడం ఒక శాస్త్రమైంది.

దీనికి న్యూట్రాన్లు మంచివే. అయితే వాటికి పెద్ద స్ఫటికం కావాలి. కొత్త అతివాహకాలు చాలావరకు రవ్వలుగానో, పలుచని పొరలుగానో మాత్రమే తయారవుతాయి. పైగా బోరాన్‌లో ఒక ఐసోటోపు న్యూట్రాన్లను మింగివేస్తుంది. కాబట్టి మళ్ళీ ఎక్స్ కిరణం. రామన్, లాన్స్‌డేల్ కాలంలో కిరణం ఎటు చెదిరిందో తెలిసేది గాని ఎంత శక్తి ఇచ్చివచ్చిందో తెలిసేది కాదు. కారణం స్పష్టం. ఎక్స్ కిరణపు శక్తి సుమారు 20,000 ఎలక్ట్రాన్ వోల్టులు. వజ్రంలోకెల్లా వడిగల కంపనానిది 0.165 మాత్రమే, సామాన్య కంపనాలకు ఇంకా తక్కువ. కోటి రూపాయల మూటలో ఒక్క రూపాయి తగ్గిందో లేదో తూకంవేసి చెప్పడం వంటి పని. 1980లలో జర్మనీలోని హాంబర్గులో బుర్కెల్, డోర్నర్, పైజల్ బెరీలియం మీద దీనిని మొదటిసారి సాధించారు. కిరణాన్ని సిలికాన్ స్ఫటికం మీద పడిన దారినే దాదాపు వెనక్కు మళ్ళించి శుద్ధిచేస్తారు. ఆ సిలికాన్ ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యోవంతు మేరకు నిలకడగా ఉండాలి, లేకపోతే అది వ్యాకోచించి కొలత చెడుతుంది. ఇంత ప్రకాశవంతమైన కిరణం కోసం ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లోను, జపానులోని హ్యోగో మండలంలోను పెద్ద ఎలక్ట్రాన్ వలయాలు కట్టారు. జపాను వలయం చుట్టుకొలత 1,436 మీటర్లు. పామర్రు నాలుగురోడ్ల కూడలినుండి ఊరి చివరకు నడిచినంత.

2001లో మెగ్నీషియం డైబోరైడు 39 కెల్విన్ వద్దనే అతివాహకమవుతుందని అకిమిత్సు బృందం ప్రకటించగానే అందరి దృష్టి దానిమీద పడింది. దాని గూటిలో మూడు అణువులు, తొమ్మిది కదలికలు. భగవంతం–వెంకటరాయుడు లెక్క వేస్తే, రామన్ కాంతిలో కనబడేది ఒక్క జంట కంపనమే, బోరాన్ పొరలో బోరాన్‌లు ఒకదానికొకటి ఎదురుగా కదిలేది. 2003లో గ్రెనోబుల్‌లో, 2004లో హ్యోగోలో ఎక్స్ కిరణాలతో కొలిచి చూస్తే, ఎలక్ట్రాన్లను జంట కట్టించేది సరిగ్గా అదే కంపనమని తేలింది. దాని గీత మిగిలినవాటిలా సన్నగా లేక బాగా వెడల్పుగా వచ్చింది. ఎలక్ట్రాన్లు దానిని అంతగా పట్టి లాగుతున్నాయన్నమాట.

అంతలో వజ్రం వంతు వచ్చింది. 2004లో రష్యాలో ఎకిమోవ్ బృందం ఎనభై, తొంభై వేల వాతావరణాల పీడనంలో కర్బనానికి బోరాన్ చేర్చి వజ్రం తయారుచేసింది. అణువులలో నూటికి మూడువంతుల దాకా బోరాన్. అది 4 కెల్విన్ దగ్గర అతివాహకమైంది. జపానువారు ఆవిరినుండి పలుచని పొరలుగా పెంచి ఇంకా మేలైనవి సాధించారు. 2007లో హోయెష్, బారన్ మొదలైనవారు హ్యోగోలో ఆ వజ్రాన్ని ఎక్స్ కిరణాల ముందు నిలిపారు. మామూలు వజ్రంతో పోల్చి చూస్తే ఒక కంపనం మెత్తబడింది, దాని వడి తగ్గింది. ఏది? గూళ్ళన్నీ ఒకే తాళంలో ఊగేచోటికి దగ్గరగా ఉన్న ఆ పై కంపనమే, అంటే 1930లో కలకత్తాలో భగవంతంగారు ఫోటో పలకమీద కొలిచిన 1332 గీతకు సంబంధించినదే. కాంతి ఆ ఒక్కచోటనే చూడగలదు. ఎక్స్ కిరణం అక్కడినుండి పక్కకు జరుగుతూ, మెత్తదనం ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గిపోతున్నదో చూపింది.

బోరాన్ గల వజ్రాలు ప్రకృతిలోనూ ఉన్నవి, అరుదుగా. వాటికి నీలిరంగు వచ్చేది ఆ బోరాన్ వల్లనే. వాటిలో ప్రఖ్యాతమైన హోప్ వజ్రం 1958నుండి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో ఉంది. దాని మూలశిలను పదిహేడవ శతాబ్దంలో ఇక్కడినుండి కొనిపోయి ఫ్రాన్సు రాజుకు అమ్మినవాడు టావెర్నియే. అది దొరికినదిగా చెప్పేది కృష్ణ కుడిగట్టున ఉన్న కొల్లూరు గనులు. నేడు పులిచింతల జలాశయపు ముంపులో ఉన్నవి అవే. గుంటూరులో భగవంతంగారు వజ్రపు పలకలగుండా అతిధ్వని పంపినప్పుడు కొల్లూరు అదే జిల్లాలోని ఊరు. హోప్ వజ్రంలో పదిలక్షల అణువులకు బోరాన్ అణువులు ఏ కొద్దిపాటివో ఉంటాయి, అతివాహకం కావాలంటే వేలకొద్దీ కావాలి. కనుక దానిని ఎంత చల్లార్చినా అతివాహకం కాదు.